మ్యాడిసన్‌లో ఒక వేసవి, ఆ తర్వాతి పరిశోధన

నోబెల్ అందుకున్న జీవరసాయన శాస్త్రవేత్త హరగోవింద్ ఖొరానా పుట్టిన రాయ్‌పూర్ అనే పల్లె ఇప్పుడు పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో ఉంది. వందమంది జనాభా ఉన్న ఆ ఊళ్లో చదువొచ్చిన కుటుంబం దాదాపుగా వాళ్లదొక్కటేనని, తండ్రి పట్వారీగా, అంటే మన ఊళ్లలో ఒకప్పుడు కరణంగారు చేసిన లాంటి పని చేస్తూ, లేమిలోనూ పిల్లలందరినీ చదివించారని నోబెల్ బహుమతి సందర్భంగా వెలువడిన ఆయన జీవిత పరిచయంలో ఉంది. భారత ప్రభుత్వ ఫెలోషిప్ మీద 1945లో లివర్‌పూల్ వెళ్లిన ఖొరానా, 1948లో పీహెచ్‌డీ ముగించుకుని, ఆ తర్వాతి ఏడాది జ్యూరిక్‌లో వ్లాదిమిర్ ప్రెలోగ్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గర పనిచేశారు. సైన్సు పట్ల, పని పట్ల, శ్రమ పట్ల తన ఆలోచనను ప్రెలోగ్ సాహచర్యం కొలవలేనంతగా మలిచిందని కూడా ఆ పరిచయంలో కనబడుతుంది. ఒక్క ఏడాది సాహచర్యానికి అంత బలం ఉంటుందా అని చదువుకునే రోజుల్లో నాకు సందేహంగా ఉండేది. ఖొరానా పేరిట నడిచే కార్యక్రమంలో ఎంపికై, 2010 వేసవిలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మ్యాడిసన్ ప్రాంగణంలో పనిచేసి వచ్చాక ఆ సందేహం తీరిపోయింది. ఏడాది కూడా అక్కర్లేదు, సరైన చోటయితే ఒక వేసవి చాలు.

ఆ కార్యక్రమాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మన కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, ఇండో-యు.ఎస్. సైన్స్ అండ్ టెక్నాలజీ ఫోరం కలిసి నడిపేవి. ఇక్కడి విద్యార్థులు అక్కడి ప్రయోగశాలలకు వెళ్లడం, అక్కడివాళ్లు ఇక్కడికి రావడం రెండూ అందులో ఉండేవి. అప్పట్లో నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. అప్పుడు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండిన అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ ముగించుకుని ఇంటికి ఫోన్ చేసినప్పుడు, మా నాన్న సంతోషించి, కాసేపాగి, “అక్కడ నేర్చుకునేది ఇక్కడ దొరకదా అమ్మా?” అని అడిగారు. పల్నాడులో మిరప, పత్తి పండించే రైతు ఆయన. ఆ ప్రశ్నలో నిష్ఠూరం ఏమీ లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఆ రోజు నాకు చెప్పడానికి తోచినది ఒక్కటే: అక్కడ మంచి పరికరాలుంటాయి నాన్నా అని.

పరికరాలు ఉన్న మాట నిజమే కానీ, వాటిలో చాలావరకు అప్పటికే హైదరాబాద్‌లోని పెద్ద సంస్థలలోనూ ఉన్నాయి. నాకు అంతవరకు దొరకనిది వేరే ఉంది. డిగ్రీలో మా ప్రాక్టికల్స్ అన్నీ సమాధానం ముందే తెలిసిన ప్రయోగాలు. పుస్తకంలో ఉన్న విలువకు దగ్గరగా వస్తే ప్రయోగం సరిగ్గా జరిగినట్టు, దూరంగా వస్తే మళ్లీ చేయవలసినట్టు. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని మేము అలాగే చేశాం. భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆ పద్ధతిని 1925లో ప్రచురించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మనవాడన్న గర్వం తరగతిలో అందరికీ ఉండేది. పరీక్షనాళికలో నీలిరంగు తేలినప్పుడల్లా ఆ గర్వం ఇంకాస్త పెరిగేది. అయితే ఆ నీలిరంగు ఫాస్ఫరస్ వల్లనే వచ్చిందని, ఇంకదేనివల్లా రాలేదని సుబ్బారావుగారు ఏం చేసి రుజువు చేసుకుని ఉంటారన్న ఆలోచన మా చదువులో ఎక్కడా రాలేదు. ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తర్వాతి నా జీవితమంతా తిరుగుతుందని అప్పటికి నేను ఎరగను.

మ్యాడిసన్ మెండోటా, మొనోనా అనే రెండు సరస్సుల నడుమ సన్నటి నేలపట్టీ మీద ఉన్న ఊరు. వేసవిలో అక్కడ రాత్రి తొమ్మిదింటిదాకా వెలుతురు ఉంటుంది. విశ్వవిద్యాలయం వారి మెమోరియల్ యూనియన్ వెనక, సరస్సు ఒడ్డున, సూర్యకిరణాల ఆకారంలో వీపున్న పసుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల ఇనుప కుర్చీలు వరుసగా ఉంటాయి. సాయంత్రమైతే ప్రొఫెసర్లూ విద్యార్థులూ ఊరివాళ్లూ తేడా లేకుండా వాటిలో కూర్చుంటారు. ఊరి అందం గురించి ఇంతకంటే రాయను, ఎందుకంటే మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం నేను గడిపింది నాలుగు డిగ్రీల చలిలో ఉండే కోల్డ్‌రూమ్‌లోనూ, దాని పక్కనున్న బెంచీ దగ్గరా.

నాకు అప్పగించిన పని పైకి చిన్నదే. ఈస్ట్ కణాలలోని ఒక ప్రోటీన్ డీఎన్‌ఏ మీద ఫలానా అక్షరాల వరుసను గుర్తుపట్టి అంటుకుంటుందని ఆ ప్రయోగశాల అనుకుంటోంది. అది నిజమో కాదో తేల్చాలి. ఆ వరుస ఉన్న చిన్న డీఎన్‌ఏ ముక్కకు మెరిసే రంగును తగిలించి, శుద్ధి చేసిన ప్రోటీన్‌తో కలిపి, పల్చటి జెల్ గుండా విద్యుత్తుతో నడిపిస్తాం. ఒంటరిగా ఉన్న డీఎన్‌ఏ చకచకా కిందికి దిగిపోతుంది, ప్రోటీన్ అంటుకున్న డీఎన్‌ఏ బరువెక్కి పైనే ఆగిపోతుంది. జూలై నెలలో స్వెట్టర్ వేసుకుని, రెండు గాజు పలకల మధ్య జెల్ పోసి, దువ్వెన లాంటి ప్లాస్టిక్ పలకను తీసి, ఒక్కొక్క గుంటలో చేయి వణక్కుండా నమూనా వదిలి, కరెంటు పెట్టి, గంటల తర్వాత ఆ జెల్‌ను స్కానర్ మీద పరిచినప్పుడు, కింద ఒక గీత, పైన ఇంకొక గీత తేటగా కనిపించాయి. పైన కనిపించినదే మేము వెతుకుతున్నది.

నా పని చూసుకునే పీహెచ్‌డీ విద్యార్థిని విస్కాన్సిన్‌లోనే ఒక పాడి రైతు కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి. ఆమె ఆ బొమ్మను చూసి సంతోషించింది. తర్వాత, “దీన్ని చూపించి నువ్వు ఏం చెప్పగలవు, ఏం చెప్పలేవు, రెండూ రాసుకురా” అంది. చెప్పలేనిది ఏముంటుందని నేను తెల్లబోయాను. డీఎన్‌ఏ కనిపిస్తే చాలు దేనికైనా అంటుకునే ప్రోటీన్లు చాలా ఉన్నాయి. ఇది ఈ వరుసనే ఎంచుకుంటోందని పై గీత ఒక్కటే చెప్పదు. ఆ రాత్రి ఆమె, నేను కూర్చుని తర్వాతి జెల్‌కు వేసుకున్న ప్రణాళిక ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. ఒక గుంటలో రంగు వేయని అదే డీఎన్‌ఏను వందరెట్లు ఎక్కువగా కలపాలి. ప్రోటీన్ దాని మీదికి మళ్లుతుంది కనుక మెరిసే పై గీత మాయమవాలి. పక్క గుంటలో అంతే మోతాదులో, అక్షరాలు మాత్రం రెండే రెండు మార్చిన డీఎన్‌ఏను కలపాలి. ప్రోటీన్ నిజంగా ఆ వరుసనే వెతుక్కునేదైతే ఈసారి పై గీత చెక్కుచెదరకూడదు. జెల్ నడిచింది. మొదటి గుంటలో పై గీత లేదు, రెండో గుంటలో ఉంది. రెండక్షరాల తేడాను ఒక ప్రోటీన్ పసిగట్టడాన్ని కళ్లతో చూసిన ఆ క్షణంలో నా ఒళ్లు జలదరించింది. ఎవరికీ ముందుగా తెలియని సమాధానాన్ని చూడడం నాకు అదే మొదలు.

వారానికొకసారి జరిగే ల్యాబ్ మీటింగ్‌లో ఆ బొమ్మను తెరమీద చూపించాను. మా ప్రొఫెసర్ ఆ రంగంలో పేరున్నవారు. ఆయన వివరణ ఒకటి చెప్పగానే, మూల కూర్చున్న మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు, ఆ వివరణ సరైతే నా మూడో వరుసలో గీత ఇంకా పలుచగా ఉండాలి కదా అన్నాడు. గది నిశ్శబ్దమైపోతుందని నేను భయపడ్డాను. అలాంటిదేమీ జరగలేదు. ప్రొఫెసర్ లేచి తెర దగ్గరికి వెళ్లి, ఆ గీతను వేలితో చూపిస్తూ కాసేపు ఆలోచించి, నువ్వన్నది నిజమే అన్నారు. ఇంతలో ఇంకొకరు మరో వివరణ చెప్పారు. దాని మీద వాదన నడిచింది. గంట గడిచేసరికి నా ముందు మూడు కొత్త ప్రయోగాలు ఉన్నాయి, ఎవరి మొహంలోనూ కోపమో చిన్నబోవడమో లేదు. గురువుగారి మాటను నలుగురిలో కాదనడం అమర్యాదగా భావించే చోట పెరిగినదాన్ని. గురువు పట్ల గౌరవమంటే నాకు ఇప్పటికీ ఎంతో విలువ, ఆ విలువను నేను వదులుకోలేదు. అయితే ఆ గౌరవాన్ని, ఆయన చెప్పిన వివరణను వేరువేరుగా చూడవచ్చని, అలా చూస్తే గౌరవం తగ్గదని ఆ గదిలో కూర్చుని చూస్తే తప్ప నాకు అర్థమయ్యేది కాదు. పుస్తకాలు చదివి, వీడియోలు చూసి ఇది నేర్చుకోవచ్చని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఖొరానా 1960 నుంచి 1970 వరకు పనిచేసిన ఎంజైమ్ పరిశోధన సంస్థ యూనివర్సిటీ అవెన్యూ మీదే ఉండేది. దాని పక్కనుంచి నడిచేటప్పుడు ఆయన చేసిన ప్రయోగాలను మళ్లీ చదవాలనిపించి, గ్రంథాలయంలో పాత సంపుటాలు తీయించాను. ప్రోటీన్లు కట్టడానికి కణం చదివే జన్యు సంకేతం మూడేసి అక్షరాలదని అనుకోవడం వేరు, రుజువు చేయడం వేరు. ఆయన బృందం యూ, సీ అనే రెండక్షరాలే మార్చిమార్చి వచ్చే పొడవాటి ఆర్‌ఎన్‌ఏను తయారుచేసింది. దాన్ని మూడేసి అక్షరాలుగా చదివితే ఎక్కడ మొదలుపెట్టినా యూసీయూ, సీయూసీ అనే రెండు మాటలే ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. రెండేసిగానో నాలుగేసిగానో చదివితే ఒకే మాట మళ్లీమళ్లీ వస్తుంది. కణం నుంచి తీసిన యంత్రాంగానికి ఆ ఆర్‌ఎన్‌ఏను అందిస్తే, సెరీన్, ల్యూసీన్ అనే రెండు అమైనో ఆమ్లాలను ఒకటి విడిచి ఒకటిగా పేర్చిన గొలుసు తయారైంది. రెండేసి, నాలుగేసి అన్న వివరణలకు చోటే లేకుండా ప్రశ్నను కట్టడమంటే ఇదీ. ఇలాంటి వరుసలు ఎన్నో తయారుచేసిన ఆ పనికే 1968లో నిరెన్‌బర్గ్, హాలీలతో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది. ఎమ్మెస్సీ పరీక్షలో నేను దీన్ని అర పేజీ జవాబుగా రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. మ్యాడిసన్‌లో కూర్చుని చదివినప్పుడు మాత్రం, ఆ ఆర్‌ఎన్‌ఏను ఎందుకు అలాగే కట్టాలనుకున్నారో, ఎన్ని వేరే దారులను ఆలోచించి పక్కన పెట్టి ఉంటారో ఊహించుకుంటూ చదివాను.

ఆ విభాగంలో అందరూ చెప్పుకునే ఇంకో కథ ఉంది. 1933 శీతాకాలంలో, మంచు తుఫానులో, ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు చచ్చిపోయిన పెయ్యను, పాల క్యానులో గడ్డకట్టని రక్తాన్ని, చెడిపోయిన స్వీట్ క్లోవర్ మేతను ట్రక్కులో వేసుకుని ఎంతో దూరం ప్రయాణించి మ్యాడిసన్ వచ్చాడు. కార్ల్ పాల్ లింక్ అనే ప్రొఫెసర్ ప్రయోగశాల తలుపు తెరిచి ఉంది. తన పశువులు రక్తం కారి ఎందుకు చస్తున్నాయని ఆ రైతు అడిగిన ప్రశ్నను వాళ్లు వదిలిపెట్టలేదు. 1939లో ఆ మేతలోంచి, రక్తాన్ని గడ్డకట్టనివ్వని డైకుమరాల్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఆ కుదురులోంచే వార్ఫరిన్ వచ్చింది. 1948లో ఎలుకల మందుగా అమ్మకానికొచ్చి, తర్వాత గుండెజబ్బుల వాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రగా మారింది. గుండె కవాటం మార్చిన మా మేనత్త రోజూ వేసుకునే మాత్ర ఆ కుటుంబానికి చెందినదే. కథ చెప్పిన పాడి రైతు బిడ్డకు ఆ సంగతి చెబితే, తమ తాత దొడ్లో కూడా ఆ రోజుల్లో పశువులు అలాగే పోయాయంది. ఆ తర్వాత మేమిద్దరం పని మానుకుని చాలాసేపు గేదెల గురించీ ఆవుల గురించీ మాట్లాడుకున్నాం.

తిరిగొచ్చాక హైదరాబాద్‌లోనే పీహెచ్‌డీలో చేరాను. వెళ్లే ముందు క్యాన్సర్ జన్యువుల మీద పనిచేయాలని నా కోరిక. వచ్చాక, డీఎన్‌ఏ మీద ఒక ప్రోటీన్ తన చోటును ఎలా పోల్చుకుంటుందన్న విషయం తప్ప ఇంకేదీ పట్టలేదు. మ్యాడిసన్ ప్రొఫెసర్ నా రాతప్రతులు చదివి, పక్కన ప్రశ్నలు రాసి పంపేవారు. పోస్ట్‌డాక్టరల్ అవకాశానికి ఆయన సిఫారసు ఉత్తరం ఎంత పనిచేసిందో నాకు తెలుసు, దాన్ని దాచుకోవలసిన అవసరం లేదు. 2011 నవంబరులో ఖొరానా మరణవార్త వచ్చినప్పుడు మొదటి ఉత్తరం నాకు ఆ ప్రొఫెసర్ నుంచే వచ్చింది.

పీహెచ్‌డీ రోజుల్లోనే అమెరికా నుంచి ఒక విద్యార్థి వేసవికి మా ప్రయోగశాలకు వచ్చాడు. మేము శుద్ధీకరణ కాలమ్‌లను కడిగి మళ్లీ ఎలా వాడతామో, ఖరీదైన ఎంజైమును చిన్న మోతాదుతో ఎలా సరిపెడతామో, కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు ఏ ఫ్రిజ్ తలుపు తెరవకూడదో శ్రద్ధగా రాసుకున్నాడు. ప్రతి ప్రయోగానికీ ముందు రెండు రోజులు ఆలోచించే మా పద్ధతి తనకు బాగా నచ్చిందని, తమ దగ్గర ముందు చేసేసి తర్వాత ఆలోచిస్తారని అన్నాడు. మార్పిడి అన్నందుకు ఇరువైపులా ఏదో ఒకటి చేతులు మారాలి. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లేది కూడా తక్కువైనదేమీ కాదని ఆ వేసవి నాకు ధైర్యమిచ్చింది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, చిన్న ప్రయోగశాల నడుపుతున్నాను. మా ప్రశ్న మా పొలాల్లోదే. మిరపలో రైతులు బొబ్బర తెగులు అనేది తెల్లదోమ మోసుకొచ్చే జెమినివైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్ డీఎన్‌ఏ వలయం మొత్తం కలిపి రెండువేల ఏడువందల అక్షరాలకు అటూ ఇటూ ఉంటుంది. దానిలోని రెప్ అనే ప్రోటీన్ ఆ వలయం మీద మళ్లీమళ్లీ వచ్చే కొన్ని చిన్న అక్షరాల వరుసలను గుర్తుపట్టి అంటుకుంటే తప్ప వైరస్ తన నకళ్లు తీసుకోలేదు. ఒక వైరస్ రెప్ సాధారణంగా ఇంకో వైరస్ వరుసను గుర్తుపట్టదు. ఎందుకు గుర్తుపట్టదు, ఎన్ని అక్షరాలు మారిస్తే గుర్తుపడుతుంది అన్నదే మా పని. విద్యార్థులు కోల్డ్‌రూమ్‌లో జెల్ నడుపుతారు. రెండక్షరాలు మార్చిన డీఎన్‌ఏ వేసిన గుంట లేని బొమ్మను నేను చూడను.

2021లో నల్ల తామర పురుగు మిరపను తుడిచిపెట్టిన కాలంలో ఒక రైతు యూరియా సంచిలో మొక్కలు వేసుకుని మా విభాగానికి వచ్చారు. చూస్తే అది వైరస్ కాదు, పురుగే. మేము పురుగుల మీద పనిచేయమని చెప్పి పంపేయవచ్చు. కానీ ఆయన, “పక్క చేను వాడిదీ నాదీ ఒకటే విత్తనం, ఒకటే నీళ్లు, వాడికి సగమన్నా మిగిలింది, నాకెందుకు మిగల్లేదమ్మా?” అన్నారు. నేను మ్యాడిసన్‌లో రాత్రి కూర్చుని నేర్చుకున్న ప్రశ్న అదే. కీటకశాస్త్రం తెలిసిన సహోద్యోగిని పిలిచి, ఇద్దరం ఆ రెండు చేలకూ వెళ్లాం. మా నాన్న వయసుకు దగ్గరివాడైన ఆ రైతు గట్టు మీద నిలబడి, ఏ మందు ఏ రోజు కొట్టిందీ తారీఖులతో సహా చెప్పారు. అంత శ్రద్ధగా రాసిన నోట్‌బుక్కులు నేను చాలా తక్కువ చూశాను.

ఈ అవకాశాలు ఎవరికి అందుతున్నాయన్నది మాత్రం నన్ను బాధపెడుతుంది. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి, మామగారు చేయూతనివ్వకపోతే సుబ్బారావుగారు బోస్టన్ ఓడ ఎక్కేవారే కాదు. ప్రభుత్వ ఫెలోషిప్ లేకపోతే ఖొరానా లివర్‌పూల్ చూసేవారు కాదు. వంద సంవత్సరాల తర్వాత కూడా జిల్లా కేంద్రాల్లోని డిగ్రీ కాలేజీల పిల్లలకు ఇలాంటి కార్యక్రమాలున్నాయని దరఖాస్తు గడువు దాటాకే తెలుస్తోంది. తెలిసినా సిఫారసు ఉత్తరం రాయడానికి తమను ఎరిగిన పరిశోధకులు వారికి ఉండరు. పెద్ద సంస్థల విద్యార్థులు వెళ్లడం తప్పని నేను అనను. వాళ్లకు ఇంకో పది దారులున్నాయి. సాలుకు నాలుగు సీట్లయినా ఈ కాలేజీలకు విడిగా కేటాయించాలని వీలైన ప్రతి సమావేశంలో అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

అది జరిగేవరకు చేయగలిగింది చేస్తున్నాం. మా ల్యాబ్ మీటింగ్ శనివారం మధ్యాహ్నానికి మార్చాం. చుట్టుపక్కల కాలేజీల విద్యార్థులు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, బస్సు ఛార్జీలు మేమే ఇస్తాం. మొదట్లో వచ్చినవాళ్లు నోరు విప్పేవారు కాదు. పోయిన నెలలో సత్తెనపల్లి నుంచి వచ్చిన డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి, మా పరిశోధక విద్యార్థి తెరమీద చూపిన జెల్‌లో ఐదో వరుసకు కంట్రోల్, అంటే పోల్చి చూసుకునే వరుస, ఏదని అడిగింది. అతను కాసేపు చూసి, లేదన్నాడు. ఆ వరుసకు జవాబు చెప్పే జెల్ ఈ వారం నడుస్తోంది. వచ్చే శనివారం దాన్ని అతను ఆ అమ్మాయికి చూపించాలి.